పదకొండేళ్ల పిల్లవాడికి ఈ గేమ్ ఇవ్వచ్చా అని అడిగిన అమ్మకు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఉండేది విజయవాడ పటమటలో. బాబుకు 11 ఏళ్లు, పాపకు 5. వేసవి సెలవుల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమ్మ కొడుకు తన లాప్‌టాప్‌లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5, అదే జీటీఏ 5, ఆడి చూపించాడు. అప్పటి నుంచి బాబుకు అదే ధ్యాస. మీ ఫోన్‌లో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకీ ఆట ఎలాగూ ఆడుతున్నాడు. మీ వారేమో "ఆటే కదా, మన సినిమాల్లో నరుక్కోవడాలు లేవా" అంటున్నారు. అత్తగారేమో "పిల్లవాడు రౌడీ అయిపోతాడు" అంటున్నారు. ఇద్దరి మధ్య నలుగుతూ, అసలు ఒక ఆట మన పిల్లవాడికి సరిపోతుందో లేదో తేల్చుకునేది ఎలా అని అడిగారు.

నేనెవరో చెప్పాలి కదా. 2003 నుంచి పన్నెండేళ్లు గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటర్ నడిపాను. పేరుకే ఇంటర్నెట్. సాయంత్రం స్కూళ్లు వదిలారంటే అన్ని సిస్టమ్‌ల మీదా ఆటలే. జీటీఏ వరసలోనే పాతదైన వైస్ సిటీ, తుపాకీ ఆటలు కౌంటర్ స్ట్రైక్, ఐజీఐ. వందలమంది పిల్లల వెనక నిలబడి వాళ్లు ఆడుతుంటే చూశాను. ఇప్పుడు విజయవాడ గవర్నర్‌పేటలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్ముతున్నాను. గ్రాఫిక్స్ కార్డు కోసం పిల్లవాడిని వెంటబెట్టుకుని వచ్చే అమ్మానాన్నలు, వాడు అటు తిరగగానే గొంతు తగ్గించి అడిగేది మీ ప్రశ్నే. నాకూ ఇద్దరు పిల్లలు. ఇద్దరూ ఆటలాడుతూనే పెరిగారు.

మీరు అడిగిన రెండిటికీ జవాబు ముందే చెప్పేస్తాను. జీటీఏ 5 వద్దు. ఇంకో ఏడేళ్లు వద్దు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ కొన్ని కట్టుబాట్లతో ఆడనివ్వచ్చు, అదీ ముందు మీరు పక్కన కూర్చుని చూశాకే. ఎందుకంటున్నానో చెబితే, రేపు వాడు ఇంకో ఆట పేరు పట్టుకొచ్చినప్పుడు మీరే తేల్చుకోగలుగుతారు.

ముందు అత్తగారి భయం సంగతి. తుపాకీ ఆట ఆడితే పిల్లవాడు హంతకుడవుతాడనడానికి ఆధారం లేదు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో తన పాత తీర్మానాన్ని మళ్లీ పరిశీలించి, హింస ఉన్న ఆటలకూ అరవడం, తోయడం లాంటి దుడుకు ప్రవర్తనకూ చిన్నపాటి సంబంధం కనిపిస్తోందని, నిజమైన నేరాలకూ ఆటలకూ ముడిపెట్టడానికి మాత్రం తగినంత ఆధారం లేదని చెప్పింది. అంతకు ముందు ఏడాది, 2019లో, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. ఏ ఆటలో హింస ఎంతో పిల్లల మాట మీద వదిలేయకుండా అధికారిక రేటింగుల ప్రకారం లెక్కగట్టారు. పిల్లల ప్రవర్తన ఎలా ఉందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగారు. రెండిటికీ సంబంధం కనబడలేదు. అంటే పండితులే పూర్తిగా ఒక మాట మీద లేరు. ఒకటి గమనించండి, ఆ పిల్లలు 14, 15 ఏళ్లవాళ్లు. మీ వాడికి 11. పాపకు 5. ఆ ఫలితం తెచ్చి ఐదేళ్ల పాపకు అంటగట్టలేం.

కాబట్టి "రౌడీ అవుతాడా" అన్న ప్రశ్నను పక్కన పెడదాం. నా అనుభవంలో పిల్లలకు జరిగే నష్టం వేరే రూపంలో వస్తుంది. రాత్రి నిద్ర పట్టదు. నోట్లో కొత్త బూతులు వస్తాయి. చెల్లెలి మీద విసుగు. తోటి వాళ్లకు ఖరీదైన స్కిన్‌లు, అంటే ఆటలో బొమ్మలకూ తుపాకులకూ వేసే ముస్తాబులు, ఉన్నాయని, తనకు లేవని దిగులు. వయసుకు మించినది చూసి, ఎవరికీ చెప్పుకోలేక లోపలే దాచుకోవడం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే అవి ఎంత పెద్దవో తెలుస్తుంది.

వయసు అంకెల గురించి చెప్పాలి. మన సినిమాలకు సెన్సార్ బోర్డు ఉంది. 2024 నుంచి యూఏలో 7, 13, 16 అని వయసులు కూడా వేరుచేసి ఇస్తున్నారు. ఆటలను అలా ముందే చూసి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు మనకు లేదు. మనం చూసే అంకెలు బయటివి. 1993లో మోర్టల్ కాంబాట్ లాంటి ఆటల మీద అమెరికా సెనేట్‌లో పెద్ద చర్చ జరిగితే, మరుసటి ఏడాది అక్కడ ఆటలకు వయసు రేటింగ్ ఇచ్చే ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ వచ్చింది. యూరప్‌లో 2003 నుంచి అలాంటిదే పెగీ ఉంది. పెగీ వాళ్లు 3, 7, 12, 16, 18 అని నేరుగా వయసు వేస్తారు. ఈఎస్ఆర్‌బీ వాళ్లు అక్షరాలు వేస్తారు. ఈ అంటే అందరికీ, టీ అంటే 13 దాటినవాళ్లకు, ఎం అంటే 17 దాటినవాళ్లకు. మీ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి ఏ ఆట పేజీలో చూసినా 3+, 7+, 12+, 16+, 18+ అని ఏదో ఒకటి కనిపిస్తుంది. 2015 నుంచి గూగుల్ వాళ్లు ఈ పద్ధతి పెట్టారు. ఆట తయారుచేసినవాళ్లు ఒక ప్రశ్నావళి నింపుతారు, దాన్నిబట్టి ఆ అంకె వస్తుంది.

ఈ అంకెను తేలిగ్గా తీసుకోవద్దు. 18 అని ఉంటే అక్కడితో ఆగిపోవచ్చు, 11 ఏళ్ల పిల్లవాడి విషయంలో ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. చిక్కు వచ్చేది 12, 16 దగ్గర. అప్పుడు అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న మాటలు చదవండి. హింస ఒక మోస్తరుదా, తీవ్రమైనదా అని రాస్తారు. ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చా, ఆటలో డబ్బుతో కొనేవి ఉన్నాయా, ఆ కొనేవాటిలో ఏది వస్తుందో తెలియని లాటరీ లాంటివి ఉన్నాయా అన్నది కూడా అక్కడే ఉంటుంది. తల్లిదండ్రులు ఎవరూ చదవని నాలుగు మాటలవి. ఈఎస్ఆర్‌బీ వెబ్‌సైట్‌లో ఆట పేరు కొడితే చాలా ఆటలకు ఒక పేరా వివరణ కూడా ఉంటుంది. ఎవరు ఎవరిని ఎలా చంపుతారు, రక్తం ఎంత, బూతులు ఏ స్థాయివి అని దాచకుండా రాస్తారు. ఇంగ్లీషులో ఉంటుంది, పది నిమిషాలు పడుతుంది. మీ వారి చేత చదివించండి. "ఆటే కదా" అన్న మాట ఆ పేరా చదివాక ఆయన అంటారో లేదో చూద్దాం.

ఆ అంకె చెప్పలేనివి మూడున్నాయి. అవతల హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడుతున్నవాడు ఎవడో, వాడి నోరు ఎలాంటిదో ఏ రేటింగూ చెప్పలేదు. ఈఎస్ఆర్‌బీ వాళ్లే ఆన్‌లైన్ సంభాషణలకు తాము రేటింగ్ ఇవ్వమని రాసుకుంటారు. బయటివాళ్లు ఆటకు అతికించే మార్పులు, మోడ్‌లు అంటారే, అవీ అంతే. 2005లో జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో దాచి ఉంచిన అశ్లీల దృశ్యం ఒక మోడ్ వల్ల బయటపడి, దాని రేటింగ్‌నే పెద్దలకు మాత్రమే అని మార్చాల్సి వచ్చింది. మూడోది మీ పిల్లవాడి స్వభావం. దాన్ని మీకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. సెంటర్ పెట్టిన కొత్తలో ఎనిమిదేళ్ల పిల్లవాడు వాళ్ల అన్న వెంట వచ్చాడు. అన్న కౌంటర్ స్ట్రైక్‌లో కూర్చుంటే, వీడికి ఏం తోచక ఏడుపు ముఖం పెట్టాడు. పక్క సిస్టమ్ ఖాళీగా ఉంది. ఒక జాంబీల ఆట పెట్టి ఇచ్చాను. గంట సేపు కదలకుండా ఆడాడు. బుద్ధిగా ఆడుతున్నాడే అనుకున్నాను. నాలుగో రోజు వాళ్ల అమ్మ వచ్చి, పిల్లవాడు మూడు రాత్రుల నుంచి నిద్రపోవడం లేదని, బాత్‌రూమ్‌కు కూడా ఒంటరిగా వెళ్లడం లేదని చెప్పింది. నన్ను తిట్టలేదు. "మీకు పిల్లలు లేరా అన్నా?" అని మాత్రం అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వాడు కదలకుండా ఆడింది ఇష్టంతో కాదు, భయంతో బిగుసుకుపోయి. అది గుర్తుపట్టడం నాకు అప్పటికి రాదు. మర్నాడు ఏ ఆట ఎన్నేళ్లవాళ్లకో కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర అంటించాను. కొంతమంది పిల్లలు వేరే సెంటర్‌కు వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

అప్పటి నుంచి నేను తెర కంటే పిల్లల ముఖాలు ఎక్కువగా చూడటం మొదలుపెట్టాను. ఒకే వైస్ సిటీ, ఇద్దరు పిల్లలు. ఒకడు కారు తీసుకుని ఎర్ర లైటు దగ్గర ఆగి, పచ్చ పడ్డాక కదిలేవాడు. ఆ ఆటలో సిగ్నల్ పాటించమని ఎవరూ అడగరు. ఇంకొకడు ఫుట్‌పాత్ మీదకు ఎక్కించి మనుషులను గుద్దుకుంటూ పోయేవాడు, వాళ్లు అరిచిన ప్రతిసారీ నవ్వేవాడు. రెండోవాడు చెడ్డవాడేం కాదు, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, దసరాకు ఫోన్ చేస్తాడు. కానీ ఆ రోజుల్లో ఇంట్లో వాళ్ల నాన్న చేతిలో రోజూ దెబ్బలు తినేవాడని తరవాత తెలిసింది. ఆట వాడిని అలా చేయలేదు. వాడి లోపల ఏముందో ఆట చూపించింది. అందుకే పక్కన కూర్చుని చూడమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంతకీ చూడాల్సింది ఏమిటి? అందరూ రక్తం ఎంత ఉందని చూస్తారు. పబ్‌జీకి మన దేశంలో వచ్చిన రూపం బీజీఎంఐలో రక్తాన్ని ఆకుపచ్చగా చేశారు, అంతమాత్రాన అది పసిపిల్లల ఆట అయిపోలేదు. నేను చూసేది వేరు. ఆటలో మన పిల్లవాడు ఎవరు? అవతల ఎవరు? కొట్టించుకునేవాడు చేతిలో ఆయుధంతో ఎదురు తిరిగేవాడా, రోడ్డు మీద తన దారిన తాను పోయే మనిషా? కొట్టినందుకు ఆట ఏమిస్తోంది, డబ్బా, మార్కులా, చప్పట్లా? దెబ్బ తిన్నవాడు గాలిలో కలిసిపోతాడా, నేల మీద పడి మూలుగుతాడా? ఇది తెలియాలంటే ఒకసారి హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్‌లో ఆడమనండి. బొమ్మ కంటే శబ్దం ఎక్కువ చెబుతుంది. వంటింట్లో ఉండి ఆ శబ్దం పది నిమిషాలు వినండి చాలు.

మా నాయనమ్మది కారంపూడి వైపు. చిన్నప్పుడు పల్నాటి యుద్ధం కథ చెప్పేది. బాలచంద్రుడు బొంగరం ఆడుకుంటుంటే అది ఎగిరి ఒకావిడ కాలికి తగలడం, ఆవిడ అన్న మాట గుచ్చుకుని వాడు యుద్ధానికి బయలుదేరడం. ఆ కథలో లేని హింస లేదు. తలలు తెగుతాయి, పేగులు బయటపడతాయి. మాకు అప్పుడు ఏడెనిమిదేళ్లు. కానీ పిల్లవాడు పోయే చోటికి వచ్చేసరికి నాయనమ్మ గొంతు బొంగురుపోయేది, కాసేపు ఆగేది. ఒక ప్రాణం పోతే ఇంట్లో ఏమవుతుందో ఆ ఆగడంలో మాకు తెలిసిపోయేది. అలా చూస్తే పిల్లల చెవిన హింస పడకూడదనడం సరికాదు, మనమంతా వింటూనే పెరిగాం. ఆ చావుకు ఏదైనా బరువు ఉందా, పక్కన చెప్పే పెద్దవాళ్లు ఉన్నారా అన్నదే నాకు ముఖ్యం. మీ వారు సినిమాల మాట ఎత్తారు. నిజమే, మన సినిమాల్లో కత్తులు ఎక్కువే. కానీ సినిమాలో నరికేవాడు హీరో, మన పిల్లవాడు కుర్చీలో కూర్చుని చూస్తాడు. రెండున్నర గంటల్లో అయిపోతుంది. ఆటలో బటన్ నొక్కేది వాడి వేలే, రోజూ.

ఇప్పుడు జీటీఏ 5 చూడండి. 2013లో వచ్చింది. పెగీ 18, ఈఎస్ఆర్‌బీ ఎం. ఆడేవాడు ముగ్గురు నేరగాళ్లుగా మారతాడు, దోపిడీలు చేస్తాడు. రోడ్డు మీద పోయేవాళ్లను కొట్టి కారు లాక్కోవడం అందులో రోజువారీ పని. కథలో ఒకచోట కట్టేసి ఉన్న మనిషిని చిత్రహింస పెట్టాలి. ఏ పనిముట్టుతో పెట్టాలో ఆడేవాడే ఎంచుకోవాలి, పన్ను పీకడంతో సహా. బట్టలు విప్పి డాన్స్ చేసే క్లబ్బు ఉంది, మత్తుమందులు ఉన్నాయి. దాన్ని తయారుచేసినవాళ్లు పెద్దవాళ్ల కోసమే చేశారు, పెద్దవాళ్లు అందులోని వెటకారాన్ని అర్థం చేసుకుని ఆడతారు. 11 ఏళ్ల పిల్లవాడికి ఆ వెటకారం అందదు, చేసే పని మాత్రం అందుతుంది. అందుకే వద్దంటున్నాను. మీ అక్కగారి కొడుకు వయసు మీరు రాయలేదు. వాడికి 17, 18 ఉంటే అది వాళ్లింటి విషయం. మీ బాబు పక్కన ఉన్నప్పుడు ఆడవద్దని అక్కగారితో ఒకమాట చెప్పడం మాత్రం మీ హక్కు.

వద్దని చెప్పే ముందు వాడిని ఒక్క ప్రశ్న అడగండి. "దాంట్లో నీకు ఏం బాగా నచ్చింది నాన్నా?" అని. నా కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న ఎంతోమంది పిల్లలను అడిగాను. ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే, "కార్లు అంకుల్, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లచ్చు." చంపడం కోసం అడిగేవాళ్లు తక్కువ. ఇంటి నుంచి స్కూలుకు, స్కూలు నుంచి ట్యూషన్‌కు తప్ప సైకిల్ మీద సందు చివరి దాకా కూడా ఒంటరిగా వెళ్లనివ్వని పిల్లవాడికి, ఒక ఊరంతా తిరగగలగడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. ఆ కోరికలో తప్పేముంది? దానికి వేరే దారి చూపించవచ్చు. ఫోర్జా హొరైజన్ లాంటి కార్ల ఆటలు ఉన్నాయి, అందరికీ అన్న రేటింగ్‌తో, పెద్ద ప్రపంచం, ఎటు కావాలంటే అటు పోవచ్చు. లెగో సిటీ అండర్‌కవర్ అని ఒకటుంది, పెగీ 7. జీటీఏలాగే ఊరంతా తిరిగే ఆట, అయితే ఇందులో మనం పోలీసు, కొడితే ప్లాస్టిక్ ముక్కలు ఊడతాయి. మైన్‌క్రాఫ్ట్ కూడా పెగీ 7. దెయ్యాల్లాంటివి వస్తాయి, భయపడే పిల్లలుంటే అవి రాకుండా ఆడే పద్ధతి కూడా ఉంది.

వద్దని చెప్పేటప్పుడు "అది చెడ్డ ఆట" అనకండి. వాళ్ల అన్నయ్య ఆడుతున్నాడు కదా, అన్నయ్య చెడ్డవాడా అన్న ప్రశ్న వస్తుంది. "అది పెద్దవాళ్ల కోసం చేసిన ఆట, అందులో కట్టేసిన మనిషిని హింసించాలి, ఆ పని నీ చేత చేయించడం నాకు ఇష్టం లేదు. నీకు పద్దెనిమిది వచ్చాక నువ్వే చూసుకో" అని ఉన్నమాట చెప్పండి. మారాం చేస్తాడు, రెండు మూడు రోజులు ముఖం మాడ్చుకుంటాడు. పరవాలేదు. మీరూ మీ వారూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ వద్దన్నది నాన్న దగ్గర దొరుకుతుందని తెలిసిన రోజున ఇక ఏ రేటింగూ పనిచేయదు.

ఫ్రీ ఫైర్ మ్యాక్స్ సంగతి వేరు. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం నిషేధించింది, మ్యాక్స్ ఉండిపోయింది. పబ్‌జీని 2020 సెప్టెంబరులో నిషేధించారు, 2021లో బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022లో అదీ ఆగి, 2023లో మళ్లీ వచ్చింది. చాలామంది అమ్మానాన్నలు "ప్రభుత్వం మళ్లీ అనుమతించింది కదా, పిల్లలకు మంచిదే అయ్యుంటుంది" అనుకుంటున్నారు. ఆ నిషేధాలు దేశ భద్రత, మన సమాచారం ఎక్కడికి పోతోందన్న కారణాలతో వచ్చినవి. హింస గురించి, పిల్లల వయసు గురించి వాటిలో తీర్పేమీ లేదు.

ఫ్రీ ఫైర్‌లో యాభై మంది దాకా ఒక దీవి మీద దిగుతారు, చివరిదాకా మిగిలినవాడు గెలుస్తాడు. అందరి చేతుల్లోనూ తుపాకులుంటాయి, దిక్కులేనివాళ్లను హింసించడం ఉండదు, పది నిమిషాల్లో ఒక ఆట ముగుస్తుంది. హింస వరకే చూస్తే మన చిన్నప్పటి దొంగా పోలీస్‌కు చుట్టమే. నాకు భయం మిగతా రెండిటి గురించి. మొదటిది మైకు. జట్టులో ముక్కూమొహం తెలియనివాళ్లు ఉంటారు. తెలుగులోనే ఎన్ని బూతులు వస్తాయో ఒక్క సాయంత్రం వినండి, మీకే తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో మైకు ఆపేయండి, తెలిసిన స్నేహితులతో మాత్రమే జట్టు కట్టమనండి. రెండోది డైమండ్లు. డబ్బు పెట్టి డైమండ్లు కొని, వాటితో చక్రం తిప్పితే తుపాకీ స్కిన్ రావచ్చు, రాకపోవచ్చు. ఈ రావచ్చు రాకపోవచ్చు అన్నదానికి సంక్రాంతి బరిలో పెద్దవాళ్లే నిలబడలేరు, పదకొండేళ్లవాడు ఏం నిలబడతాడు? మీ ఫోన్‌లో కార్డు వివరాలు, యూపీఐ ప్లే స్టోర్‌కు కలిపి ఉంటే ఇప్పుడే తీసేయండి. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ వాడి ముందు నొక్కకండి.

మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువగా ఆపింది ఈ "మా ఫోన్‌లోనే ఆడతాడు" అన్న మాట. మీ ఫోన్ అంటే మీ గూగుల్ ఖాతా. ప్లే స్టోర్ దృష్టిలో అక్కడ కూర్చున్నది 36 ఏళ్లో 40 ఏళ్లో ఉన్న ఆడమనిషి. అందుకే వాడికి ఏ ఆటకూ అడ్డు ఉండదు. బీజీఎంఐ వాళ్లు 18 దాటనివాళ్లకు రోజుకు మూడు గంటల హద్దు పెట్టారు, తల్లిదండ్రుల ఫోన్‌కు ఓటీపీ పంపుతారు. ఆ ఓటీపీ వచ్చే ఫోన్ వాడి చేతిలోనే ఉంటే దానివల్ల ఉపయోగం ఏముంది? పుట్టిన సంవత్సరం అడిగితే పిల్లలు కళ్లు మూసుకుని 2000 అని కొడతారు. కాబట్టి పాత ఫోన్ ఏదైనా ఉంటే అసలు వయసుతో వాడికి వేరే ఖాతా తెరిచి, పిల్లల ఫోన్‌ను పెద్దవాళ్లు అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టి ఇవ్వండి. అది కుదరకపోతే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌కు వెళ్లి 12+ దగ్గర ఆపి, పిన్ పెట్టండి. ఆ పిన్ పుట్టినరోజు తేదీ మాత్రం పెట్టకండి, ముందు కొట్టి చూసేది అదే. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కే యాప్‌లు, ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పండి. వాటికి రేటింగ్ ఉండదు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

ఇక అసలు పని. వచ్చే ఆదివారం భోజనాలయ్యాక బాబు పక్కన కూర్చోండి. తనిఖీ చేయడానికి వచ్చినట్టు కాకుండా "నాకూ నేర్పించరా" అని కూర్చోండి. మొదట మూడు ఆటలు వాడిని ఆడనివ్వండి. "వీడెవరు? ఇప్పుడు ఎందుకు పరిగెత్తావు? వాడు చచ్చిపోతే నీకేం వస్తుంది?" అని అడుగుతూ ఉండండి. పిల్లలకు అమ్మకు పాఠం చెప్పే అవకాశం ఎప్పుడూ రాదు, వస్తే వదలరు. తరవాత ఫోన్ మీరు తీసుకోండి. ఐదు నిమిషాల్లో చచ్చిపోతారు, వాడు పగలబడి నవ్వుతాడు, నవ్వనివ్వండి. ఆ అరగంటలో మీకు తెలిసేది ఏ వెబ్‌సైటూ చెప్పలేదు. మీ వారిని కూడా కూర్చోబెట్టగలిగితే ఇంట్లో వాదన సగం తీరిపోతుంది.

చూసేటప్పుడు వాడి భుజాలు చూడండి. ఆట మధ్యలో నవ్వుతూ, మాట్లాడుతూ, జారగిలబడి కూర్చున్న పిల్లవాడికి పెద్ద ఇబ్బంది లేదు. నేను మొదట్లో పొరబడ్డానని చెప్పానే, ఆ ఎనిమిదేళ్ల పిల్లవాడిలా భుజాలు పైకి లాక్కుని, రెప్ప వేయకుండా, పిలిచినా పలకకుండా ఉంటే ఆ ఆట వాడికి ఎక్కువైందని అర్థం. అంతకంటే ముఖ్యం, ఆపేశాక వచ్చే అరగంట. అన్నం సరిగా తింటున్నాడా? చెల్లెలితో ఎలా మాట్లాడుతున్నాడు? ఓడిపోయిన రోజు ఎంతసేపటికి మామూలు మనిషి అవుతున్నాడు? రాత్రి ఎన్నింటికి నిద్రపోయాడు? రెండు వారాలు క్యాలెండర్ మీద ఒక్కో మాట రాసుకోండి. ఆట సరిపోతుందో లేదో ఆ కాగితమే మీకు చెబుతుంది.

ఆపమనే పద్ధతి కూడా ఉంది. "ఇప్పుడే ఆపు" అంటే ఆట మధ్యలో జట్టును వదిలేసి రావాలి, అవతల స్నేహితులు తిడతారు. క్రికెట్‌లో బ్యాటింగ్ చేస్తున్నవాడిని ఓవర్ మధ్యలో లాక్కొచ్చినట్టు ఉంటుంది వాడికి. "ఇంకో రెండు ఆటలు" అని లెక్క చెప్పండి. ఫ్రీ ఫైర్‌లో అది ఇరవై నిమిషాలు. బీజీఎంఐలో ఒక్క ఆటే అరగంట పట్టవచ్చు, అందుకే చిన్నపిల్లలకు అది నాకు అంత ఇష్టం ఉండదు. రాత్రి పడుకునే ముందు గంటలో ఏ తుపాకీ ఆటా వద్దు.

పాప గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ నాకు దిగులంతా అక్కడే ఉంది. రెండు గదుల ఇంట్లో అన్నయ్య ఆడుతుంటే ఐదేళ్ల పాప పక్కనే కూర్చుని కళ్లప్పగించి చూస్తుంది. అన్నయ్యకు అది ఆట అని తెలుసు, చేతిలో బటన్లు ఉన్నాయి, భయమేస్తే ఆపగలడు. పాప చేతిలో ఏమీ లేదు. కాబట్టి హాల్లో ఏ ఆట ఆడాలన్నా ఆ గదిలో ఉన్న అందరిలోకీ చిన్నవాళ్ల వయసు లెక్క. పాప ట్యూషన్‌కో, కింద ఆడుకోవడానికో వెళ్లిన సమయమే ఫ్రీ ఫైర్ సమయం అని పెట్టండి. ఈ మాట చెబితే అన్నయ్యలు సాధారణంగా ఒప్పుకుంటారు, చెల్లెలి బాధ్యత తమ మీద పెట్టారని కాస్త గర్వపడతారు కూడా.

ఒకవేళ వాడు ఆట కోసం స్కూలు మానడం, తిండి నిద్ర మానడం, స్నేహితులను వదిలేయడం, ఆపమంటే వస్తువులు విసిరేయడం నెలల తరబడి సాగితే అది ఏ ఆట అన్న ప్రశ్నను దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్ అని గుర్తించింది, 2022 నుంచి వాళ్ల జబ్బుల పట్టికలో ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీరు రాసినదాన్నిబట్టి మీ బాబు అక్కడికి దగ్గర్లో కూడా లేడు. సాయంత్రం కింద క్రికెట్ ఆడతాడని, చదువులో బాగానే ఉన్నాడని మీరే రాశారు. ఫోన్ లాక్కుని పగలగొట్టడాలు, చెయ్యి చేసుకోవడాలు ఎవరు సలహా ఇచ్చినా వద్దు. నా సెంటర్‌లోకి వచ్చి అందరి ముందూ పిల్లలను కొట్టి తీసుకెళ్లిన నాన్నలను చూశాను. ఆ పిల్లలు ఆట మానలేదు, దూరంగా ఉన్న సెంటర్ వెతుక్కున్నారు.

ఆదివారం చూశాక ఏమనిపించిందో రాయండి. దాంతోపాటు ఇంట్లో కంప్యూటర్ ఉందన్నారు కదా, అందులో ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏదైనా ఉందా అన్నదీ రాయండి. కార్ల ఆటల్లో అందులో నడిచేది ఏదో చూసి చెబుతాను, కొత్తది కొనక్కర్లేకపోవచ్చు.